కెల్విన్ ప్రభువు – వేడిని తోడు ఏతము

భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు ఉష్ణోగ్రతను తెలుపు అంకె ప్రక్కన ‘కె’ అను అక్షరమును వ్రాయుచునే యుండును. అది కెల్విన్ అను పేరునకు సంకేతమని ఉపాధ్యాయుడు చెప్పును. విద్యార్థి తల యూపును. అంతటితో ఆ ప్రసంగము ముగియును. ఆ పేరు గల మహాశయుడు ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున, ఇండ్లను వెచ్చజేయుటకు బొగ్గును పొయ్యిలో కాల్చుటకన్న మేలైన ఉపాయ మొకటి కలదని లెక్కవేసి చూపెను. ఆ ఉపాయమునే నేడు బ్రిటన్ దేశమున అద్దె ఇండ్ల యజమానులు కొనుటయా మానుటయా యని తర్కించుచున్నారు. ఈ సంగతి ఎఱిగినవారు మనలో కొలదిమంది.

ఆయన అసలు పేరు విలియమ్ థామ్సన్. 1824 జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ రైతు బిడ్డ. స్వయంకృషిచే చదువుకొని గణితోపాధ్యాయుడైనవాడు. విలియమునకు ఆరవయేట తల్లి గతించెను. నాటినుండి తండ్రియే తల్లియు గురువునై బిడ్డలను పెంచెను. 1832లో తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభింపగా కుటుంబము స్కాట్లండునకు తరలెను. రెండేండ్లు గడచునప్పటికి, పదేండ్ల బాలుడుగా, విలియము ఆ విశ్వవిద్యాలయముననే విద్యార్థిగా చేరెను. మన పిల్లలు ఐదవ తరగతిలో కూర్చుండు వయస్సది.

1841లో కేంబ్రిడ్జికి వెళ్లి, 1845లో అచటి గణిత పరీక్షయందు ద్వితీయుడుగా ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట పారిస్ చేరి, ఆవిరి గుణములను మిక్కిలి ఓర్పుతో కొలుచుచుండిన రెన్యో అను ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసెను. కొలతయందు పొరపాటునకు తావీయని నిష్ఠ ఆయనకు అచటనే అలవడెను. అప్పుడే సాడి కార్నో అను ఫ్రెంచి ఇంజనీరు గ్రంథమును గూర్చి తెలిసికొనెను. ఆ చిన్న పుస్తకము వెలువడినది విలియము పుట్టిన 1824లోనే. గ్రంథకర్త 1832లో యువకుడుగానే మరణించెను. విలియము పారిస్ పుస్తకశాల లన్నియు వెదకినను ఒక్క ప్రతియు దొరకలేదు. ఆ గ్రంథకర్త పేరు విన్న విక్రేతయే అరుదయ్యెనట! కొన్నేండ్లకు గాని ఆ పుస్తకము ఆయన చేతికి రాలేదు.

కార్నో చెప్పిన విషయము మన పల్లెటూరి పిల్లలకు సులభముగా బోధపడును. నీరు పల్లమునకు పాఱునట్లే వేడియు వెచ్చని చోటినుండి చల్లని చోటికి తనంత తానే పోవును. పాఱు నీటితో చక్రమును త్రిప్పవచ్చును; పాఱు వేడితో యంత్రమును నడపవచ్చును. మఱి నీటిని పల్లమునుండి మెరకకు ఎక్కింపవలెనన్న నేమి చేయుదుము? ఏతము వేసి, మన శ్రమను ధారపోసి తోడుదుము. అట్లే శ్రమను వెచ్చించినచో వేడిని చల్లని చోటినుండి వెచ్చని చోటికి ఎక్కింపవచ్చును. ఏతము నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని చోటు మార్చును. ఈ భేదమునందే తరువాతి కథ యంతయు ఇమిడియున్నది.

1846లో, ఇరువదిరెండేండ్లకే, విలియము గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. కేంబ్రిడ్జి నుండి పిలుపులు వచ్చినను ఆ పీఠమును వీడక 1899 వఱకు, ఏబదిమూడేండ్లు, అచటనే బోధించెను. పాత ద్రాక్షసారాయి నేలమాళిగ నొకదానిని అడిగి తీసికొని, విద్యార్థులు తమ చేతులతో ప్రయోగములు చేయు శాలగా మార్చెను. బ్రిటన్ విశ్వవిద్యాలయములలో విద్యార్థుల కొఱకు వెలసిన తొలి భౌతిక ప్రయోగశాలలలో అది ముఖ్యమైనది.

1847లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రసభలో జౌల్ అను పరిశోధకుని ప్రసంగమును వినెను. పనియు వేడియు ఒకటి రెండవదిగా మారునని జౌల్ వాదము. కార్నో మాటకును జౌల్ మాటకును పొత్తు కుదుర్చుటకై థామ్సన్ నాలుగేండ్లు మథనపడి, 1851లో ఉష్ణగతిశాస్త్రమునకు గట్టి పునాది వేసెను. ఈ నడుమనే, 1848లో, ఏ పదార్థముయొక్క గుణములపైనను ఆధారపడని ఉష్ణోగ్రతామానమును ప్రతిపాదించెను. సెంటిగ్రేడు సున్నకు 273 డిగ్రీలు దిగువను అసలైన సున్న యుండునని ఆ మానము తెలుపును. అనగా మంచు కురియుచున్న గాలియందును 270 డిగ్రీలకు మించిన వేడి కలదన్నమాట. మనకు చలిగా తోచినది నిజమునకు వేడి నిండిన బావియే.

1852లో ఆయన గ్లాస్గో తాత్త్వికసంఘమున భవనములను వెచ్చజేయుట, చల్లబఱచుట యను విషయముపై ఒక వ్యాసము సమర్పించెను. అందలి యంత్రము సరళమైనది. బయటిగాలిని ఒక గొట్టములోనికి లాగి వ్యాకోచింపజేసినచో అది ఇంకను చల్లబడును. అట్లు చల్లబడి వెలుపలి వాతావరణమునుండి వేడిని గ్రహించును. తరువాత దానిని నొక్కినచో వేడెక్కి గదిలోనికి వచ్చును. ఆవిరియంత్రముతో ఈ పని చేయించినచో, అదే బొగ్గును పొయ్యిలో కాల్చగా వచ్చు వేడికన్న ఎన్నో రెట్లు వేడి ఇంటికి చేరునని ఆయన లెక్కలు తేల్చెను. త్రిప్పి నడపినచో అదే యంత్రము ఇంటిని చల్లబఱచును. నేడు మన పట్టణములలో గోడలకు తగిలించు ఏ.సి. యంత్రముల సూత్రమిదియే.

ఆ యంత్రమును ఆయన ఇంటింటికి చేర్చలేదు. కారణము గ్లాస్గో చుట్టునే యున్నది. అచటి గనులలో బొగ్గు విస్తారము, వెల చౌక. చౌకగా దొరకు వస్తువును పొదుపు చేయు యంత్రమునకు ధనము పెట్టువాడెవ్వడు?

ధనము పెట్టువారున్న చోట ఆయన ప్రతిభ ఎట్లు ఫలించెనో అట్లాంటిక్ సముద్రపు తంతివార్తయే సాక్షి. 1858లో వేసిన తీగ కొన్ని వారములు పనిచేసి మూగవోయెను. థామ్సన్ నౌకపై స్వయముగా ప్రయాణము చేసి, అత్యల్ప విద్యుత్తును సైతము పసిగట్టు అద్దపు గాల్వనామాపకమును నిర్మించి, 1866లో ఆ కార్యము సఫలమగుటకు తోడ్పడెను. ఆ సంవత్సరమే ఆయనకు సర్ బిరుదము లభించెను. ఓడల దిక్సూచిని సంస్కరించెను. సముద్రపు లోతును కొలుచు యంత్రమును కల్పించెను. 1892లో ప్రభుపదవి రాగా, విశ్వవిద్యాలయము ప్రక్కన పాఱు కెల్విన్ అను చిన్న నది పేరును తన పేరుగా స్వీకరించెను.

ఆయన జీవితమున లోపమును లేకపోలేదు. భూమి చల్లబడు తీరును లెక్కించి, 1862లో దాని వయస్సు 2 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరముల లోపలనని ప్రకటించెను. కాలక్రమమున తక్కువ అంకెవైపే మొగ్గెను. భూగర్భశాస్త్రజ్ఞులు కాదన్నను వినలేదు. భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరములని నేడు మన మెఱుగుదుము. లెక్క చేయుటలో ఆయన తప్పలేదు. లెక్కకు ముందు గ్రహింపవలసినవి కొన్ని విడిచెను. ఇట్టి పట్టుదలకు తోడు అరుదైన వినయమును ఆయనయందుండెను. 1899లో పదవి విరమించిన పిమ్మట అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేయించుకొనెను! 1907 డిసెంబరు 17వ తేదీన పరమపదించెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయమున న్యూటను సమాధి చెంత ఆయనకు చోటు దక్కినది.

ఆయన ఏతము మాత్రము నిద్రింపలేదు. 1938లో జూరిచ్ నగర సభాభవనమును నదీజలమునుండి తోడిన వేడితో వెచ్చజేసిరి. 1945లో ఇంగ్లండునందలి నార్విచ్‌లో సమ్నర్ అను ఇంజనీరు అట్టి యంత్రము నొకటి నెలకొల్పెను. కాని 1965లో బ్రిటన్ వంతు ఉత్తర సముద్రమున సహజవాయువు బయటపడగా ఇంటింట గ్యాస్ బాయిలరు వెలసెను. బొగ్గు చేసిన పనినే గ్యాస్ మరల చేసెను.

నేడు ఆ బాయిలరు పాతబడినపుడు అద్దె యింటి యజమాని ఎదుట రెండు దారులు నిలుచుచున్నవి. క్రొత్త బాయిలరుకు రెండు మూడు వేల పౌండ్లు చాలును. హీట్ పంపునకు తరచుగా పదివేలు మించును. ఇంగ్లండు, వేల్సులలో ప్రభుత్వము 2022లో సహాయధనమును ప్రారంభించి, 2023 అక్టోబరులో దానిని 7,500 పౌండ్లకు పెంచినది. అయినను చిక్కు తీరలేదు. యంత్రమునకు వెల యిచ్చువాడు యజమాని. నెలనెల బిల్లు చెల్లించువాడు అద్దెకున్నవాడు. హీట్ పంపు ఒకపాలు విద్యుత్తునకు సుమారు మూడుపాళ్ల వేడి నిచ్చును. కాని ఇటీవలి సంవత్సరములలో అచట యూనిట్ విద్యుత్తు వెల గ్యాస్ వెలకు సుమారు నాలుగు రెట్లు. కావున మూడు రెట్లు మాత్రమే తోడు యంత్రము అద్దెకున్నవాని బిల్లును తగ్గింపజాలదు. నాలుగు రెట్లు తోడినచో తగ్గించును.

ఆ నాలుగు రెట్లు వచ్చుట యెట్లు? సమాధానము కెల్విన్ మానముననే యున్నది. బయట సున్న డిగ్రీలున్నపుడు రేడియేటరు నీటిని 55 డిగ్రీలకు ఎక్కించుటలో సిద్ధాంతరీత్యా 6 రెట్లు, 35 డిగ్రీలకే ఎక్కించినచో సుమారు 9 రెట్లు వేడి లభింపవచ్చును. వాడుకలోని యంత్రములు ఇందులో సగమో అంతకన్న తక్కువయో ఇచ్చును. మెరక ఎంత తక్కువైన ఏతమున కంత సుఖము. కావున గోడల సందులు పూడ్చి, కప్పునకు వేడి నిలుపు పొర పఱచి, పెద్ద రేడియేటర్లు పెట్టిన యింట హీట్ పంపు రాణించును. గాలి దూరు పాత యింట అది అద్దెకున్నవానికి భారమగును. గ్యాస్ కాల్చిన ప్రతి యేడును గాలిలో బొగ్గుపులుసు వాయువు చేరుచునే యుండునన్న మాటయు మఱువరాదు.

యజమాని సందేహమును పిసినితన మని కొట్టివేయుట న్యాయము కాదు. కాని తాను చెల్లింపని బిల్లును లెక్కలోనికి తీసికొనకుండుటయు న్యాయము కాదు. భూమి వయస్సు విషయమున కెల్విన్ చేసిన పొరపాటిదియే. లెక్కలోనికి రావలసినదానిని వెలుపల విడిచెను. ఇంటినుండి ఎంత వేడి పోవుచున్నదో ముందు కొలిచి, అద్దెకున్నవాని ఖర్చును తన ఖర్చుగానే కూడి, అటుపిమ్మట యంత్రమును ఎన్నుకొను యజమాని ఆ మహనీయుని నిజమైన శిష్యుడు. విద్యార్థులారా! ఇకమీదట ‘కె’ అక్షరమును వ్రాయునపుడు, చలిగాలినుండి వేడిని తోడవచ్చునని చూపిన ఆ గ్లాస్గో ఉపాధ్యాయుని ఒక్క క్షణము తలచుకొనుడు.