కడలి నీలిమను పరీక్షించిన రామన్

సముద్రము నీలముగా కనబడుటకు, నీటిపై ప్రతిఫలించు ఆకాశవర్ణమే కారణమని రేలీ ప్రభువు వ్రాసిరి. వారు 1904లో నోబెల్ బహుమానమందిన మహాశాస్త్రజ్ఞులు. ఆకాశనీలిమకు ధూళి అక్కరలేదు, గాలి అణువులే చాలునని 1899లో చూపినవారును వారే. అట్టివారి మాటను కాదనగలవారెవరు?

చంద్రశేఖర వేంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించిరి. తండ్రి విశాఖపట్టణమున శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకులగుటచే, వారి బాల్యము ఆంధ్రతీరమున గడచెను.

1921లో రామన్ ఇంగ్లండునుండి నార్కుండా అను ఓడలో తిరిగివచ్చుచు, మధ్యధరా సముద్రమును, ఎఱ్ఱసముద్రమును పరిశీలించిరి. సాధనము చేతిలో నిముడు నికల్ పట్టకము. తగిన కోణమున దానిగుండ చూచినచో, నీటిపై ప్రతిఫలించు ఆకాశకాంతి అణగిపోవును. రేలీ మాట నిజమైనచో నీలిమయు మాయము కావలెను. కాని అది మఱింత చిక్కనయ్యెను! నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని రామన్ గ్రహించిరి. ఆ విషయమును బొంబాయి రేవునుండి నేచర్ పత్రికకు వ్రాసిరి.

ఆ అన్వేషణయే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితమునకు, 1930లో నోబెల్ బహుమానమునకు దారితీసెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం 1928లో వారి శిష్యులై, అనంతరకాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి. రామన్ 1970లో కీర్తిశేషులైరి.

నేడు సముద్రముపైని గాలిలో తేలు ధూళికణములను, లవణకణములను కంప్యూటర్లు లెక్కగట్టుచున్నవి. అయినను 1999లో శాస్త్రజ్ఞులు హిందూమహాసముద్రముపై ఓడలనుండి, విమానములనుండి ఆ కణములను స్వయముగా కొలిచిరి. లెక్క ఎంతవారు కట్టినను, సముద్రము సాక్ష్యము పలుకవలెను.