లోహాన్వేషి మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే పేరు వినగానే విద్యుత్తు స్ఫురిస్తుంది. డైనమోకు, ట్రాన్స్‌ఫార్మరుకు ఆధారమైన సూత్రాన్ని 1831లో కనుగొన్న శాస్త్రవేత్తగానే లోకం ఆయనను తలచుకుంటుంది. అయితే ఆ కీర్తి లభించడానికి ముందు, వయసులో ఉన్న కాలంలో, దాదాపు అయిదు సంవత్సరాలు ఆయన కొలిమి ముందు నిలిచి ఉక్కును కరిగించాడు. ఆ శ్రమ వృథా అయిందనే చాలాకాలం పాటు చరిత్రకారులు భావించారు. ఆ శ్రమకు ప్రేరణ దక్షిణ భారతదేశపు కమ్మరుల చేతిపని కావడం మనకు ఆసక్తి కలిగించే విషయం.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను నగరానికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ వృత్తిరీత్యా కమ్మరి. తరచు అనారోగ్యంతో బాధపడే ఆయనకు ఒక రోజు పని ఉంటే మరొక రోజు ఉండేది కాదు. తల్లి మార్గరెట్ నలుగురు పిల్లలను గుట్టుగా పోషించుకొచ్చింది. 1801లో ఇంగ్లాండులో ధాన్యం ధరలు విపరీతంగా పెరిగినప్పుడు పదేళ్ళ మైకేలుకు ఒక రొట్టె ఇచ్చి దానితోనే వారమంతా గడుపుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. చదువు కూడా అంతంత మాత్రమే. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు తప్ప బడి ఆయనకు మరేమీ నేర్పలేదు.

1804లో ఫారడే రీబో అనే పుస్తక వర్తకుని వద్ద వార్తాపత్రికలు అందించే కుర్రవాడుగా చేరాడు. మరుసటి సంవత్సరం అక్కడే పుస్తకాల బైండింగు నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆయనకు పాఠశాల అయ్యాయి. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తును గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే విదుషీమణి రచించిన రసాయనశాస్త్ర గ్రంథం ఆయన మనస్సును పట్టుకున్నాయి. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసాలను వినే అవకాశం కలిగింది. విన్నదంతా బొమ్మలతో సహా రాసుకొని, చక్కగా బైండు చేసి, డేవీకే పంపాడు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకునిగా ఉద్యోగం లభించింది. వారానికి ఇరవైయైదు షిల్లింగుల జీతం, ఉండటానికి ఆ భవనం పైభాగంలో రెండు గదులు ఇచ్చారు.

అదే సంవత్సరం డేవీ దంపతులతో కలిసి ఆయన ఐరోపా యాత్రకు బయలుదేరాడు. డేవీ భార్య ఆయనను సేవకునిగానే చూసింది. ఆ అవమానాన్ని దిగమింగి ఫారడే నేర్చుకోవలసినది నేర్చుకున్నాడు. 1814లో ఫ్లోరెన్సు నగరంలో ఒక పెద్ద కటకంతో సూర్యకిరణాలను కేంద్రీకరించి గురుశిష్యులిద్దరూ వజ్రాన్ని దహించారు. మిగిలినది బొగ్గును కాల్చితే వచ్చే వాయువే. వజ్రానికీ బొగ్గుకూ మూలద్రవ్యం ఒకటేనని అంతకు ముందు కొందరు చెప్పిన మాట ఈ ప్రయోగంతో మరింత రూఢి అయింది. ఒకే మూలద్రవ్యం ఒకచోట వేలికి మసి అంటించేంత మెత్తగానూ, మరొకచోట గాజును కోసేంత గట్టిగానూ ఉండగలదన్న సంగతిని ఆయన కళ్ళారా చూశాడు.

ఆ కాలంలో ఇంగ్లాండును ఆశ్చర్యపరచిన మరొక పదార్థం భారతదేశపు ఉక్కు. ముంబయి నుండి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు పంపిన ఉక్కు ముద్దలను జార్జి పియర్సన్ పరీక్షించి 1795లో వ్యాసం ప్రచురించాడు. ఆంగ్లేయులు దానిని వూట్జ్ అని పిలిచారు. తెలుగు, కన్నడ భాషలలోని ఉక్కు అనే మాటే వారి రాతలో ఆ రూపం దాల్చిందని పలువురు పండితుల అభిప్రాయం. మెత్తని ఇనుప ముక్కలను, కట్టెపుల్లలు, ఆకులు వంటి కర్బన పదార్థాలతో కలిపి మట్టిమూసలో పెట్టి, మూతి మెత్తి, తిత్తులతో గంటల తరబడి ఊది, తరువాత నెమ్మదిగా చల్లార్చడం ఇక్కడి కమ్మరుల పద్ధతి. తీరుతెన్నులలో మాత్రం ప్రాంతాన్ని బట్టి కొంత తేడా ఉండేది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఈ పనికి పేరుపొందిన ఊరు. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం, 1832లో కలకత్తాలో అచ్చయింది.

లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే నిపుణుడు శస్త్రచికిత్సకు వాడే కత్తులను తయారుచేసేవాడు. ఆయన చేతికి అందిన ఉక్కులన్నింటిలో భారతదేశపు ఉక్కే మేలైనదిగా తోచింది. పదును పెడితే చాలాకాలం నిలిచేది. అయితే దాని సరఫరాకు నిలకడ లేదు, ముద్ద ముద్దకూ గుణం మారేది. దానిని ఇంగ్లాండులోనే తయారుచేయగలిగితే బాగుంటుందని తలచిన స్టోడార్ట్ ఫారడేను ఆశ్రయించాడు. 1818 ప్రాంతంలో వారిద్దరి పరిశోధన మొదలయింది.

ఫారడే మొదట భారతీయ ఉక్కును విశ్లేషించి 1819లో ఫలితాన్ని ప్రకటించాడు. అందులో ఆయనకు అల్యూమినియానికి, సిలికాకు సంబంధించిన అంశాలు స్వల్పంగా కనిపించాయి. ఆ ఉక్కు గొప్పతనానికి కారణం అల్యూమినియమేనని ఆయన నిశ్చయించాడు. ఆ నిశ్చయం పొరపాటు. అయితే పొరపాటు ఊహ నుండి కూడా ఆయన ఒక మంచి ప్రశ్నను రాబట్టాడు. ఉక్కులో అతి స్వల్పంగా చేరిన మరొక మూలకం దాని స్వభావాన్నే మార్చగలిగితే, ఒక్కొక్క లోహాన్ని తెలిసిన మోతాదులో కలిపి చూస్తే ఏమవుతుంది? తరతరాలుగా కమ్మరులు అనుభవంతో, చేతివాటంతో సాధించినదానిని తూకంతో, లెక్కతో తెలుసుకోవాలన్న సంకల్పం ఇక్కడ కనిపిస్తుంది. కమ్మరి కుమారుడు తిరిగి కొలిమి దగ్గరకే వచ్చాడు, కాకపోతే ఈసారి చేతిలో త్రాసు ఉంది.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నేలమాళిగలోని కొలిమిలో ప్లాటినం, రోడియం, పెల్లాడియం, వెండి, బంగారం, నికెల్, క్రోమియం వంటి లోహాలను ఉక్కుతో కలిపి కరిగించారు. ప్రతి ముద్దనూ సుత్తితో సాగగొట్టి చూశారు. పదును పెట్టి, ఏ వేడిమికి ఎంత గట్టిపడుతుందో, ఎప్పుడు పెళుసుబారుతుందో గమనించారు. ఉపరితలాన్ని నునుపుచేసి ఆమ్లం పూసి, బయటపడిన గీతలను పరిశీలించారు. తడిగాలిలో ఉంచి ఏది త్వరగా తుప్పు పడుతుందో చూశారు. ఒక పదార్థాన్ని ఎలా తయారుచేశారో, దాని లోపలి నిర్మాణం ఎలా ఉందో, దాని గుణాలు ఏమిటో మూడింటినీ కలిపి చూడడమే నేటి పదార్థ విజ్ఞానశాస్త్రం చేసే పని. ఆ పేరు పుట్టకముందే ఫారడే ఆ మార్గంలో నడిచాడు.

వెండి విషయంలో వారికి ఒక విచిత్రం ఎదురయింది. వెండి పాలు కొంచెం ఎక్కువైతే, చల్లారే సమయంలో అది బిందువులుగా బయటికి చిమ్మేది. అయిదు వందల పాళ్ళ ఉక్కుకు ఒక పాలు మాత్రమే కలిపినప్పుడు అలా విడిపోలేదు. ఆ ఉక్కు ఎంతో బాగుందని వారు ప్రకటించారు. ఇనుములో వెండి దాదాపు కరగదని నేటి లోహశాస్త్రం చెబుతున్నది. కాబట్టి వారు చూసిన మేలుకు వెండి కారణం కాకపోవచ్చు. జాగ్రత్తగా కరిగించడం, మంచి ఉక్కును ఎంచుకోవడం కూడా ఫలితాన్ని మార్చగలవు. ఏ ఫలితానికి ఏది కారణమో విడదీసి చూడడం లోహాల విషయంలో ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

క్రోమియం కథ ఇంతకంటె విచారకరం. వారు నూటికి ఒక పాలు, మూడు పాళ్ళ చొప్పున క్రోమియం కలిపి చూశారు. ఆమ్లంతో చక్కని గీతలు తేలాయని సంతోషించారు. క్రోమియం నూటికి పది పదకొండు పాళ్ళు దాటినప్పుడే ఉక్కు ఉపరితలం మీద కంటికి కనిపించని పలుచని ఆక్సైడు పొర నిలకడగా ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. ఆ హద్దు ఫారడేకు తెలియదు. షెఫీల్డులో హారీ బ్రియర్లీ దాదాపు పదమూడు పాళ్ళ క్రోమియంతో తుప్పుపట్టని ఉక్కును తయారుచేసినది 1913లో. అంటే సరైన లోహమే తొంబై సంవత్సరాల ముందు ఫారడే మూసలో ఉంది, మోతాదు మాత్రమే చాలలేదు.

ఈ పరిశోధన ఫలితాలు 1820లోనూ, 1822లోనూ రెండు వ్యాసాలుగా వెలువడ్డాయి. షెఫీల్డు కర్మాగారాలలో పెద్ద ఎత్తున కొన్ని ప్రయత్నాలు కూడా జరిగాయి. కాని రోడియం, ప్లాటినం వంటి లోహాలు సామాన్య వ్యాపారానికి అందే వెలలో లేవు. కొలిమి వేడిమిని సరిగా కొలిచే సాధనం లేదు. ఉక్కును సూక్ష్మదర్శిని కింద పరీక్షించే పద్ధతిని హెన్రీ సోర్బీ రూపొందించినది 1860 దశకంలో. అన్నింటికంటె ముఖ్యంగా, ఉక్కులోని కర్బనం ప్రతి ముద్దలోనూ ఒకేలా ఉండేటట్లు చేయడం వారికి సాధ్యపడలేదు. 1823లో స్టోడార్ట్ మరణించాడు. అప్పటికే ఫారడే మనస్సు విద్యుదయస్కాంతత్వం వైపు మళ్ళింది. ఉక్కు పరిశోధన క్రమంగా ఆగిపోయింది.

భారతీయ ఉక్కు రహస్యం మాత్రం మరొక శతాబ్దానికి పైగా శాస్త్రవేత్తలను వేధించింది. ఫారడే వ్యాసాలతో ఉత్తేజం పొందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రెయాన్ కొద్ది సంవత్సరాలలోనే అసలు కీలకం కర్బనంలో ఉందని చెప్పాడు. అమెరికాకు చెందిన జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల నిపుణుడు 1998లో మరొక అడుగు వేశారు. ఆ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులపై కనిపించే అలల వంటి గీతలకు కర్బనంతో పాటు వెనేడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండడం కారణమని వారు చూపారు. ఫారడే పేర్కొన్న మూలకం తప్పు. లేశమాత్రపు మూలకానికి అంత శక్తి ఉండవచ్చునన్న ఊహ తప్పు కాదు. ఇనుములో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి, దెబ్బ తగిలితే ఒక వరుస మరొకదానిపై జారుతుంది. మధ్యలో పరాయి పరమాణువులో, గట్టి కార్బైడు రేణువులో ఉంటే ఆ జారుడుకు అడ్డు తగులుతుంది. చిటికెడు పదార్థం లోహాన్ని దృఢపరచడంలోని మర్మం ఇదే.

ఉక్కు తరువాత ఫారడేకు గాజు వంతు వచ్చింది. దూరదర్శినులకు పనికివచ్చే నిర్దోషమైన గాజును తయారుచేసే బాధ్యతను 1825 ప్రాంతంలో ఆయనకు అప్పగించారు. గాజులో చారలు, బుడగలు లేకుండా చేయడానికి ఆయన ప్లాటినం పళ్ళాలలో కరిగించి, ప్లాటినంతోనే కలియబెట్టాడు. కొలిమి పనికి సార్జెంట్ ఆండర్సన్ అనే మాజీ సైనికుడు తోడయ్యాడు. ఇంటికి వెళ్ళమని చెప్పడం ఫారడే మరచిపోగా, ఆండర్సన్ తెల్లవార్లూ కొలిమిని ఎగదోస్తూ కూర్చున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అంత శ్రమపడినా ఆ గాజు దూరదర్శినులకు పెద్దగా ఉపయోగపడలేదు. ఫారడే దానిని పారవేయలేదు. 1845లో అయస్కాంతశక్తి కాంతిపై ప్రభావం చూపుతుందా అని పరీక్షిస్తూ అనేక పదార్థాలను వాడి నిరాశ చెందిన తరువాత, ఆయన ఆ పాత సీసపు గాజును తీశాడు. అందులోనుండి పోయిన కాంతి కంపనతలం అయస్కాంతం వల్ల పక్కకు తిరిగింది. ఆ ఫలితానికి నేటికీ ఆయన పేరే ఉంది.

వార్ధక్యంలో జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నప్పుడు కూడా పదార్థాలపై ఆయన కుతూహలం తగ్గలేదు. 1857లో బంగారాన్ని అతి సూక్ష్మ రేణువులుగా నీటిలో నిలిపితే అది పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుందని నిరూపించాడు. రేణువు పరిమాణం మారితే పదార్థపు గుణమే మారుతుందన్న ఈ పరిశీలనను నేటి నానో విజ్ఞానం తన తొలి మెట్లలో ఒకటిగా భావిస్తున్నది. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించిన ఆ నిరాడంబరుడు 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని నివాసంలో కన్నుమూశాడు.

ఆయన కరిగించిన ఉక్కు ముద్దలు మాత్రం నశించలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు చెందిన ఒక చెక్కపెట్టెలో అవి శతాబ్దానికి పైగా భద్రంగా ఉన్నాయి. 1882లో మాంగనీసు ఉక్కును కనుగొని ప్రసిద్ధుడైన షెఫీల్డు లోహశాస్త్రవేత్త సర్ రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఆ డెబ్బైతొమ్మిది నమూనాలను పరీక్షించే పనికి పూనుకున్నాడు. చారిత్రక వస్తువులు గనుక వాటినుండి వీలైనంత తక్కువ లోహాన్ని తీసి, రసాయన విశ్లేషణ, సూక్ష్మదర్శిని పరీక్ష, కాఠిన్య పరీక్ష జరిపించాడు. ప్లాటినం, రోడియం వంటి అరుదైన లోహాలను ఫారడే నిజంగానే ఉక్కులో కలిపాడని తేలింది. మిశ్ర ఉక్కుల పరిశోధనకు ఆద్యుడు ఫారడేయేనని హాడ్‌ఫీల్డ్ 1931లో తన గ్రంథంలో ప్రకటించాడు. విద్యుత్ ప్రేరణ సిద్ధాంతానికి నూరేళ్ళు నిండినందుకు లండనులో ఉత్సవాలు జరిగినదీ ఆ సంవత్సరమే.