ఫకీర్ సింగ్ దొర – గోడలు లేని చెర
(ధ్యానము: యెహెజ్కేలు 18వ అధ్యాయము)



మన భీమడోలులో రైలెక్కి విజయవాడ మీదుగా చెన్నై దారిన పోవునప్పుడు బాపట్ల దాటగానే స్టూవర్టుపురము వచ్చును. ఆ ఊరు బూత్ టక్కర్ దొర నాయకత్వమున వెలసినది. ఆయన 1853లో ముంగేరులో జన్మించెను. ఐ.సి.యస్. ఉద్యోగము విడిచి, 1882లో రక్షణ సైన్యమును మన దేశమునకు తెచ్చి, కాషాయము కట్టి, ఫకీర్ సింగ్ అనిపించుకొనెను. వీధి ఊరేగింపు చేసినందుకు బొంబాయిలో చెరసాలకును వెళ్లెను.

కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచు చట్టము 1911లో మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. సర్కారు కోరికపై రక్షణ సైన్యము 1913లో ఎరుకలవారికి ఈ సెటిల్‌మెంటు పెట్టెను. అచ్చట గోడలు లేవు. హాజరు పట్టీ, పొలిమేర దాటుటకు పాసు ఉండెను. భూమి, బడి, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని కూడ చూపిరి.

భయము మనిషిని కదలక నిలుపగలదు. కట్టుబాటు న్యాయమని మనస్సును ఒప్పింపలేదు. మేలు చేసిన చేయియే, ఏ తప్పు చేయని వానికిని హాజరు వేసెను. ఆ మేలుకు అదియే మచ్చ.

దొర 1929లో ప్రభువునందు నిద్రించెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దాయెను. తండ్రి తప్పుకు కొడుకును శిక్షింపనని దేవుడు ప్రవక్తద్వారా ఏనాడో తెలిపెను. మన ఊరిలో కోడి పోయినచో ముందుగా ఎవరి గుడిసె వైపు చూచుచున్నాము? ఈ మాసము మనలను మనము పరీక్షించుకొందము. ఆమేన్.