జిమి హెండ్రిక్స్

జిమి హెండ్రిక్స్ (నవంబరు 27, 1942 - సెప్టెంబరు 18, 1970) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీత రచయిత. ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో ఇతనిని అగ్రగణ్యునిగా పరిగణిస్తారు. ప్రధాన కళాకారునిగా ఇతడు వెలుగొందిన కాలము సుమారు నాలుగేళ్ళు మాత్రమే. అంతకు ముందు కొందరు అలంకారముగా వాడిన ధ్వని వికృతిని ఇతడు సంగీత భాషలో విడదీయరాని భాగముగా మార్చాడు. ఫజ్, వా-వా, ఆక్టేవియా, యూని-వైబ్ అనే పెడళ్ళను ఇతడు ఎంచుకొన్న తీరు, ఉపయోగించిన తీరు తరువాతి తరాల వాద్యకారులకు పాఠ్యాంశమయినవి.

బాల్యము

హెండ్రిక్స్ వాషింగ్టన్ రాష్ట్రములోని సియాటిల్ నగరములో జన్మించాడు. తల్లి లూసిల్, తండ్రి అల్. పుట్టినప్పుడు పెట్టిన పేరు జానీ అలెన్ హెండ్రిక్స్. అప్పటికి తండ్రి సైన్యములో ఉన్నాడు. యుద్ధానంతరము తిరిగి వచ్చిన ఆయన 1946లో కుమారుని పేరును జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్‌గా మార్చాడు. 1951లో తల్లిదండ్రులు విడాకులు పొందారు. కుటుంబము కటిక పేదరికములో ఉండేది. గిటారు కొనే స్తోమత లేక బాలుడు చీపురుకట్టనే గిటారుగా భావించి వాయించేవాడు. తరువాత చెత్తలో దొరికిన ఒంటి తీగ ఉకులేలేపై విన్న పాటలను పలికించడానికి ప్రయత్నించేవాడు.

1958లో తల్లి మరణించింది. ఆ సంవత్సరమే 5 డాలర్లకు ఒక పాత గిటారు అతని చేతికి వచ్చింది. 1959లో తండ్రి సుప్రో కంపెనీ ఎలక్ట్రిక్ గిటారును కొనిపెట్టాడు. హెండ్రిక్స్ ఎడమచేతి వాటము వాడు. కుడిచేతి వాటము వారికై తయారైన గిటారును తలక్రిందులుగా పట్టుకొని, తీగలను తనకు అనువుగా తిరిగి బిగించి వాయించేవాడు. ఈ అలవాటు చివరివరకు కొనసాగింది.

సైన్యము, సంచార జీవితము

దొంగిలించిన కార్లలో ప్రయాణించినందుకు 1961లో రెండుసార్లు పట్టుబడిన హెండ్రిక్స్, చెరసాలకు బదులుగా సైన్యములో చేరాడు. 101వ ఎయిర్‌బోర్న్ డివిజనులో పారాచూట్ శిక్షణ పొందాడు. అక్కడే బాస్ గిటారు వాద్యకారుడు బిల్లీ కాక్స్ పరిచయమయ్యాడు. 1962లో సైన్యము నుండి విడుదలయ్యాడు.

తరువాతి నాలుగేళ్ళు ఇస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ వంటి ప్రసిద్ధుల వెనుక సహవాద్యకారునిగా ఊరూరా తిరిగాడు. 1965లో ఒక నిర్మాత చూపిన ఒప్పందముపై సంతకము చేశాడు. దాని ప్రకారము అతనికి ముట్టినది 1 డాలరు, ఆపై ఆదాయములో ఒక శాతము వాటా. ఈ సంతకము తరువాతి కాలములో అతనిని న్యాయవివాదాల పాలు చేసింది.

లండను ప్రస్థానము

1966లో న్యూయార్కు నగరములోని కేఫ్ వా అనే చోట ఇతని కచేరీని విన్న ఛాస్ ఛాండ్లర్ ఇతనిని ఇంగ్లండుకు ఆహ్వానించాడు. ఛాండ్లర్ అప్పటికి 'ది యానిమల్స్' బృందములో బాస్ గిటారు వాద్యకారుడు. 1966 సెప్టెంబరు 24న హెండ్రిక్స్ లండను చేరాడు. నోయెల్ రెడ్డింగ్ (బాస్ గిటారు), మిచ్ మిచెల్ (డ్రమ్స్) తోడుగా 'ది జిమి హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్' బృందము ఏర్పడింది. 1967 మేలో వీరి మొదటి ఆల్బమ్ 'ఆర్ యు ఎక్స్‌పీరియన్స్‌డ్' వెలువడింది. అదే సంవత్సరము జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవములో కచేరీ చివర గిటారుకు నిప్పు పెట్టడముతో స్వదేశములో కూడా ఇతని పేరు మారుమ్రోగింది. 1968లో వచ్చిన 'ఎలక్ట్రిక్ లేడీలాండ్' అమెరికా అమ్మకాల పట్టికలో ప్రథమ స్థానము పొందింది.

పెడళ్ళ ఎంపిక

గిటారు తీగల కంపనము విద్యుత్ సంకేతముగా మారి యాంప్లిఫయరుకు చేరుతుంది. ఆ సంకేతము పరికరపు శక్తిని మించినప్పుడు తరంగపు శిఖరాలు కత్తిరించబడి స్వరము బరుసుగా, దీర్ఘముగా మ్రోగుతుంది. దీనినే డిస్టార్షను అంటారు. ఫజ్ పెడలు ఈ ఫలితాన్ని మరింత తీవ్రముగా ఇస్తుంది. హెండ్రిక్స్ ఎక్కువగా వాడినది 1966లో ఇంగ్లండులోని ఆర్బిటర్ కంపెనీ విడుదల చేసిన గుండ్రని 'ఫజ్ ఫేస్'. మొదట్లో దానిలో రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇవి ఒకదానితో ఒకటి సరిపోలేవి కావు. పైగా వేడికి వాటి గుణము మారిపోయేది. అందువలన ఒకే కంపెనీ తయారుచేసిన రెండు పెడళ్ళు రెండు విధాలుగా పలికేవి. అనేక పెడళ్ళను వాయించి చూసి, చెవికి నచ్చిన దానిని ఏరుకోవలసి వచ్చేది. తరువాతి కాలములో అతడు సిలికాన్ ట్రాన్సిస్టర్లు గల పెడళ్ళను కూడా వాడాడు. వీటి స్వరము మరింత పదునైనది.

ఈ విషయములో ఇతనికి తోడ్పడినవాడు రోజర్ మేయర్. బ్రిటిష్ నౌకాదళ శాఖలో ధ్వని, కంపనాల విశ్లేషణలో అనుభవము గడించిన మేయర్, 1967 ఆరంభములో హెండ్రిక్స్‌ను కలిశాడు. అతడు రూపొందించిన ఆక్టేవియా, వాయించిన స్వరానికి పై స్థాయి స్వరాన్ని జోడిస్తుంది. 1967 మార్చిలో విడుదలైన 'పర్పుల్ హేజ్' పాటలోని గిటారు ఖండములో దీనిని వినవచ్చును.

కాలితో నొక్కే వా-వా పెడలుతో గిటారును మనిషి గొంతువలె పలికించాడు. దీనికి 'వూడూ చైల్డ్' ప్రసిద్ధమైన ఉదాహరణ. 1969 నుండి యూని-వైబ్ అతని వేదికలపై కనిపించింది. తిరిగే లెస్లీ స్పీకరు ధ్వనిని అనుకరించడానికి జపానులో తయారైన ఈ పరికరములో మినుకుమినుకుమనే ఒక చిన్న బల్బు, దాని చుట్టూ వెలుగును గ్రహించే నాలుగు ఘటాలు ఉంటాయి. దానిపై కోరస్, వైబ్రాటో అనే రెండు స్థానాల మీట ఉంటుంది. కోరస్ స్థానములో అసలు స్వరము, కదలాడే స్వరము కలసి వినిపిస్తాయి. భజన బృందములో పలువురి గొంతులు స్వల్ప భేదముతో కలసినపుడు కలిగే నిండుదనము వంటిది ఈ ఫలితము. నేడు కోరస్ పెడలుగా పేరొందిన రకములో మొదటిదైన బాస్ సి.ఇ.-1 వెలువడినది 1976లో, అనగా హెండ్రిక్స్ మరణించిన ఆరేళ్ళకు.

ఇతడు సాధారణముగా పాటించిన వరుస వా-వా, ఫజ్, యూని-వైబ్, ఆపై మార్షల్ యాంప్లిఫయరు. ఫజ్ పనిచేస్తుండగానే గిటారుపై గల వాల్యూము మీటను తగ్గించి స్వరాన్ని నిర్మలము చేసేవాడు, పెంచి గర్జింపజేసేవాడు. పెడలు ఎంపిక చెవితోను, దాని అదుపు చేతివేళ్ళతోను సాగేవి. అదే పెడళ్ళను కొన్న ఎందరికో అదే ధ్వని రాకపోవడానికి కారణము ఇదే.

వుడ్‌స్టాక్, మెషిన్ గన్

1969 జూన్‌లో ఎక్స్‌పీరియన్స్ బృందము విడిపోయింది. ఆగస్టు 18 ఉదయము న్యూయార్కు రాష్ట్రములోని వుడ్‌స్టాక్ ఉత్సవములో కొత్త బృందముతో వాయించాడు. అప్పటికి శ్రోతలలో అధికభాగము వెళ్ళిపోయారు. వియత్నాం యుద్ధము సాగుతున్న ఆ రోజులలో అతడు అమెరికా జాతీయగీతాన్ని ఒంటి గిటారుపై వినిపించాడు. మధ్యలో ఫజ్, ఫీడ్‌బ్యాక్‌లతో బాంబుల మ్రోతను, ఆర్తనాదాలను తలపించే ధ్వనులు పలికించాడు. దీనిని దేశానికి అవమానముగా కొందరు, ఆ కాలపు యథార్థ చిత్రణగా మరికొందరు భావించారు.

1969 డిసెంబరు 31, 1970 జనవరి 1 తేదీలలో న్యూయార్కులోని ఫిల్‌మోర్ ఈస్ట్‌లో బిల్లీ కాక్స్, బడ్డీ మైల్స్‌తో కలసి ఇచ్చిన కచేరీలలోని 'మెషిన్ గన్' కూడా యుద్ధాన్ని గురించిన రచనే. ఇందులో యూని-వైబ్ ఆందోళనము ఆసాంతము వినవస్తుంది. 1965 నాటి ఒప్పందపు బాధ్యతను తీర్చడానికే ఈ కచేరీల రికార్డింగుతో 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' ఆల్బమ్‌ను ఇవ్వవలసి వచ్చింది.

మరణము

1970 ఆగస్టులో న్యూయార్కులో ఇతని స్వంత స్టూడియో 'ఎలక్ట్రిక్ లేడీ' ప్రారంభమయింది. దానిని అనుభవించే భాగ్యము ఇతనికి కలుగలేదు. సెప్టెంబరు 6న జర్మనీలోని ఫెమార్న్ ద్వీపములో చివరి కచేరీ ఇచ్చాడు. సెప్టెంబరు 18న లండనులో, నిద్రమాత్రల ప్రభావములో ఉండగా వాంతి ఊపిరితిత్తులలోకి పోయి మరణించాడు. అప్పటికి వయస్సు 27 సంవత్సరాలు. సియాటిల్ సమీపములోని రెంటన్‌లో సమాధి చేశారు.

ప్రభావము

1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానము లభించింది. 1995లో కుమారుని సంగీతముపై హక్కులను తండ్రి న్యాయపోరాటము ద్వారా తిరిగి పొందాడు. 2014లో అమెరికా తపాలా శాఖ ఇతని స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. వుడ్‌స్టాక్‌లో వాయించిన తెల్లని స్ట్రాటోకాస్టర్ గిటారు సియాటిల్‌లోని పాప్ సంస్కృతి ప్రదర్శనశాలకు చేరింది.