ఎలిజబెత్ హ్యూస్ దాచిన మాట

ధ్యానమునకు: మార్కు సువార్త 5:25–34



చక్కెర వ్యాధి ఇప్పుడు మన పల్లెలకు క్రొత్త మాట కాదు. దేహమునకు కలుగు బాధను వైద్యులు విచారింతురు గాని, మనస్సునకు కలుగు బాధను విచారించువారు తక్కువ. ప్రేమవిందులో అందరు తినుచుండగా విస్తరిపై చేయి అడ్డము పెట్టి వద్దనుట ఎంత కష్టమో పడినవారికే తెలియును. ఆడుబిడ్డకు ఈ జబ్బు ఉన్నదని తెలిసిన సంబంధము తప్పిపోవునని తలిదండ్రులు భయపడుదురు. అందుచేత ఈ నెల ఎలిజబెత్ హ్యూస్ అను అమెరికా దేశస్థురాలి జీవితమును మీ ముందుంచుచున్నాము.

ఆమె 1907 ఆగస్టు 19వ తేదీన జన్మించెను. తండ్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ అప్పటికి న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరు. తాతగారు బాప్టిస్టు బోధకుడు. ఆమె పుట్టిన ఆ సంవత్సరమే ఉత్తర బాప్టిస్టు కన్వెన్షన్ ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షుడు ఆ తండ్రియే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు మిషనెరీలను పంపిన అమెరికా బాప్టిస్టులు ఆ కన్వెన్షన్ వారే గనుక, ఈ కుటుంబము మనకు బొత్తిగా పరాయిది కాదు.

1919లో ఎలిజబెత్‌కు పదకొండు సంవత్సరములు. విపరీతమైన దాహము, ఆకలి, నీరసము కనబడెను. వైద్యులు చక్కెర వ్యాధియని చెప్పిరి. ఆ కాలమున పిల్లలకు ఈ మాట మరణశాసనమే. మన క్లోమము ఇన్సులిన్ అను రసమును ఊరించును; అది లేనిదే తిన్న అన్నము రక్తములో చక్కెరగా నిలిచిపోవును గాని బలముగా మారదు. పిల్లలకు తరచుగా వచ్చు రకములో ఈ రసము దాదాపు ఊరనే ఊరదు. అప్పటికి ఆ రసమును బయటనుండి ఇచ్చు ఉపాయము ఎవరికిని తెలియదు.

ఫ్రెడరిక్ ఆలెన్ అను వైద్యునికి తెలిసిన మార్గము ఒక్కటే, ఆహారము తగ్గించుట. రోగి చిక్కిపోవును గాని కొంతకాలము ఎక్కువ బ్రతుకును. ఎదుగుచున్న ఆ పిల్లకు దినమునకు 800 కేలరీలు, కొన్ని దినములలో 400 మాత్రమే. అనగా మన ఇండ్లలో పిల్లలు ఒక పూట తినునంత. కూరగాయలను మూడుసార్లు ఉడికించి, ఆ నీరు పారబోసి, ప్రతి ముద్ద తూచి పెట్టిరి. పుట్టినదినమున కేకు లేదు. టోపీ పెట్టెకు గులాబి, తెల్ల కాగితములు అంటించి దానిమీద క్రొవ్వొత్తులు వెలిగించిరి. ఆమె ఏడ్చి గోల చేయలేదు. పుస్తకములు చదువుచు, పక్షులను చూచుచు, తల్లికి ఉల్లాసముగా ఉత్తరములు వ్రాయుచు దినములు గడిపెను. 1920లో అక్క హెలెన్ మరణించెను. అప్పటికే ఒక బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి, ఆకలితో నున్న పిల్ల నవ్వుచు ఉత్తరము వ్రాయుటలో ఎంత బరువు మోసియుండునో మనము ఊహించుకొనవలసినదే.

1922 ఆరంభమున కెనడా దేశములోని టొరంటోలో ఇన్సులిన్‌ను మొదటిసారిగా మనుష్యులకు ఇచ్చిరి. తల్లి ఆంటొనెట్ జూలైలో డాక్టరు ఫ్రెడరిక్ బాంటింగ్‌కు ఉత్తరము వ్రాసెను. మందు చాలదని ఆయన మొదట కాదనెను. ఆగస్టులో మరల అవకాశము కలిగెను. ఎలిజబెత్ అచ్చటికి చేరునప్పటికి పదునైదేండ్లు నిండబోవుచున్న ఆ పిల్ల బరువు 45 పౌన్లు, అనగా సుమారు 20 కిలోలు. తండ్రి అప్పుడు అమెరికా విదేశాంగమంత్రి. అంతటి ఇంటి పిల్ల గాక మరియొక పిల్లయైన ఆ తలుపు తెరువబడునా అను ప్రశ్న మనకు రాకపోదు. మందు అందక ఆ దినములలో చనిపోయిన పిల్లలు అనేకులు.

తొలినాటి ఇన్సులిన్ శుద్ధమైనది కాదు. సూది వేసినచోట గడ్డలు కట్టి మిక్కిలి నొప్పి పుట్టించెను. అయినను మూడేండ్ల తరువాత ఆమె రొట్టె తినెను. కొద్ది నెలలలో ఆమె బరువు ఇనుమడించెను.

ఇక్కడనుండి ఆమె చేసిన పని విచిత్రమైనది. తన వ్యాధిని గూర్చి లోకమునకు ఒక్క మాటయు చెప్పలేదు. 1929లో బర్నార్డు కళాశాలలో పట్టము పొంది, 1930లో న్యాయవాది విలియం గాసెట్‌ను పెండ్లాడెను. వివాహమునకు ముందు ఆయనకు చెప్పెను; అది మెచ్చదగిన సంగతి. కాని స్నేహితులకు తెలియదు. తన జబ్బును తెలుపు కాగితములను చాలమట్టుకు నాశనము చేసెను. తండ్రి జీవితచరిత్రలలో ఆ ప్రస్తావన రాకుండ చూచెను. ముగ్గురు పిల్లలను పెంచెను, అనేక ప్రజాకార్యములలో పాల్గొనెను, ప్రతి దినము చాటుగా సూది వేసికొనెను.

ఎందుకు దాచెనో మేము తీర్పు తీర్చము. చావు బిడ్డ అని జాలితో చూచిన చూపులను ఆమె మూడేండ్లు భరించెను. మరల ఆ చూపు తనపై పడకూడదని కోరినదేమో.

మార్కు సువార్తలోని స్త్రీ కూడ చాటుననే వచ్చెను. పండ్రెండేండ్ల రోగముతో, జనసమూహములో వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రమును తాకెను. తాకగానే స్వస్థత కలిగెను. అంతటితో ఎవరికిని తెలియకుండ పోవలెననుకొనెను. ప్రభువు పోనిచ్చెనా? నిలిచి, ఎవరు తాకిరని అడిగెను. ఆమె దేహము అప్పటికే బాగుపడినది గాని భయము ఇంకను ఉండెను, వణకుచునే వచ్చెను. ఉన్న సంగతియంతయు చెప్పిన తరువాతనే సమాధానముతో పొమ్మను మాట వినెను. ఆయన కుమారీయని పిలిచెను గాని సిగ్గుపరచలేదు. మన సంఘములో ఎవరైనను లేచి తన జబ్బు చెప్పుకొనినయెడల, బావియొద్ద మనము ఏమి మాటలాడుకొందుము?

మరియొక మాట. సూది వేసికొనుట అవిశ్వాసమని బోధించువారు అక్కడక్కడ కలరు. ఎలిజబెత్ వంటి వ్యాధిగలవారు ఇన్సులిన్ మానినయెడల కొద్ది దినములలోనే ప్రాణాపాయము. పెద్దలు, బోధకులు ఈ విషయమై మిక్కిలి జాగ్రత్తగా మాటలాడవలెను.

1980లో, ఇన్సులిన్ చరిత్ర వ్రాయుచుండిన మైకేల్ బ్లిస్ అను చరిత్రకారుడు ఆమె ఇంకను బ్రతికియున్నదని తెలిసికొని ఆశ్చర్యపడెను. అప్పుడామె తన కథను ఆయనతో చెప్పెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ మాసములో, 73వ యేట, ఆమె మరణించెను. యాబది ఎనిమిదేండ్లలో ఆమె వేసికొనిన సూదులు సుమారు 42,000.