నలభై అయిదేళ్ల తెల్లవారుజాములు

ఆదివారం తెల్లవారకముందే మెడలో బైనాక్యులర్లు వేసుకుని ఏదో ఒక చెరువు గట్టు ఎక్కేవాళ్లు హైదరాబాద్‌లో కొందరున్నారు. 1980లో ‘బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’గా మొదలై, రాష్ట్రం రెండయ్యాక ‘దక్కన్ బర్డర్స్’గా పేరు మార్చుకున్న వాళ్ల సంఘానికి 2025తో 45 ఏళ్లు నిండాయి. జీతం లేదు, ఎవరూ రమ్మని బలవంతం చేసిందీ లేదు. అయినా ఇన్నేళ్లు ఆ నడక ఆగలేదు. అందుకే ఈ నాలుగు అక్షరాల అక్షింతలు.

వాళ్లతో మొదటిసారి నడిచిన రోజున నాకు తెలిసిన కొంగ ఒక్కటే, తెల్లకొంగ. గట్టు మీద నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, “అమ్మా, ముందు ముక్కు చూడు, తర్వాత పాదాలు చూడు” అన్నారు. నీళ్లలో నిలబడ్డదానికి నల్లటి ముక్కు, పసుపు పాదాలు. అవతల గేదె వెనకాల తిరుగుతున్నదానికి ముక్కే పసుపు. అప్పటిదాకా నా కళ్లముందే రెండు జాతులు తిరుగుతుంటే, నేను వాటిని ఒకటే పేరుతో పిలుస్తూ వచ్చాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ, చోటు, ఏ పిట్టలు, ఎన్ని అన్నది రాసుకున్నారు. ఫొటో తీయడం ఆ తర్వాత. ఈ సంఘమంటే నాకున్న గౌరవమంతా ఆ చిన్న పుస్తకం దగ్గరే మొదలైంది.

చూసింది రాసిపెట్టకపోతే ఏం పోతుందో మనకు తెలియనిది కాదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల లెక్క రాసిపెట్టారు కాబట్టే, అప్పుడిక్కడ ఏముండేవో ఇవాళ చెప్పుకోగలుగుతున్నాం. పశ్చిమ గోదావరిలోని ఆరేడు ఊళ్లో గూడబాతులు చెట్ల నిండా గూళ్లు కట్టుకునేవని 1940ల చివర్లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ రాశారు. తర్వాత ఆ పక్షులు ఆ ఊరిని వదిలి వెళ్లిపోయాయి. ఆయన రాయకపోయి ఉంటే, పోగొట్టుకున్నామన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు. ఆ దారిలోనే ఈ సంఘంవాళ్లు ‘పిట్ట’ అనే వార్తాపత్రిక నడిపారు. సంఘ సభ్యులు సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితా తెచ్చారు. చేతిలో ఫోను, అందులో యాప్ లేని కాలంలో ఒక్కొక్క పేరునూ ఏరి చేర్చిన పని అది.

పక్షుల కబుర్లలో కలివికోడిని తలుచుకోకుండా నేను ఉండలేను. జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త ద్వారా అది 1848లో లోకానికి పరిచయమైంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా, ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టుకునే మనిషి ఒకరు రాత్రి పొదల్లో దాన్ని ప్రాణాలతో పట్టుకొచ్చారు. పుస్తకాలు లేదనుకున్న పిట్టకు ఆ పల్లెల్లో పేరుంది, అది ఏ పొదల్లో తిరుగుతుందో తెలిసినవాళ్లున్నారు. ఆ తర్వాతే లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ సైతం దాని కోసం దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఒక చిన్న పిట్ట కోసం కాలువ వంపు తిరిగిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నగరంలో పని ఇంకా కష్టం. చెరువు కుంచించుకుపోతుంటే గట్టు మీద నిలబడి పక్షుల్ని లెక్కపెట్టడానికి గుండె కావాలి. కుతుబ్‌షాహీల నాటి అమీన్‌పూర్ చెరువు అలా చిక్కిపోయిందే. పక్షి ప్రేమికులు పట్టు వదలకుండా తిరిగారు. 2016లో అది జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. ఏటా జనవరిలో నీటి పక్షుల గణన ఉంటుంది. ఇప్పుడు దక్కన్ బర్డర్స్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ అనే మరో పక్షి ప్రేమికుల బృందంతో చేతులు కలిపి, నగరాన్ని గడులుగా విడదీసి ఏ గడిలో ఏ పిట్ట ఉందో రాసే బర్డ్ అట్లాస్ పని కూడా మొదలుపెట్టారు.

దక్కన్ బర్డర్స్ మిత్రులారా, మీ సంఘం పుట్టినరోజు నాడు ఆత్మీయంగా ఒక కోరిక కోరుకుంటాను. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు వస్తే వానలొస్తాయని నమ్ముతారు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుకుంటుంటే ఊరే కాపలా కాస్తుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షులకు పుట్టిల్లు. ఆ పల్లెల్లో ఏ సంఘమూ పెట్టకముందే సంరక్షణ ఉంది, లేనిదల్లా మీ చేతిలో ఉన్నటువంటి చిన్న పుస్తకం. అక్కడి పెద్దలకు తెలిసింది మీ లెక్కల్లోకి రావాలి, మీ లెక్కలు వాళ్ల బడుల్లోకి పోవాలి. అది తెలుగులో జరగాలి. లకుముకి, జెముడు కాకి, పికిలి పిట్ట, వంగపండు, తీతువు: ఈ పేర్లు మీ జాబితాల్లో ఇంగ్లీషు పేర్ల పక్కన నిలబడితే, పదేళ్ల పిల్ల కూడా గణనకు వచ్చి తను చూసిందేదో తన మాటల్లో రాయగలుగుతుంది. తీతువు కూస్తే చావు వార్తని భయపడే ఇళ్లలోనే ఆ పిల్ల, “కాదమ్మా, దాని గుడ్లు నేల మీదున్నాయి, మనల్ని దూరం పొమ్మంటోంది” అని చెప్పగలుగుతుంది.

దక్కన్ బర్డర్స్ మిత్రులందరికీ, వెనక నిలబడి పెందలాడే టీ కాచి పంపిన మీ ఇళ్లవాళ్లకీ మనసారా అభినందనలు. వచ్చే జనవరి గణనకు నేనూ వస్తాను. గట్టు మీద మా అమ్మాయికి కాస్త చోటివ్వండి, కొత్త పుస్తకం కొనిపెట్టాను.