ఏట్లో దిగిన ఐన్‌స్టీన్

ఐన్‌స్టీన్ పేరు వినని విద్యార్థి ఉండడు. ఆయన పెద్దకొడుకు హాన్స్ ఆల్బర్ట్ సంగతి మాత్రం హైడ్రాలిక్స్ చదివినవాళ్ళకి తప్ప ఎవరికీ అంతగా తెలీదు.

1904 మే 14న స్విట్జర్లాండులోని బెర్న్‌లో పుట్టారు. పదేళ్ళవాడప్పుడు తల్లిదండ్రులు విడిపోతే, తల్లి మిలేవా దగ్గర జూరిచ్‌లో పెరిగారు. ఇంజనీరునవుతానంటే తండ్రి మెచ్చలేదు. కొడుకు వినలేదు. తండ్రి చదివిన విద్యాలయంలోనే 1926లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. తమాషా ఏమిటంటే, నదులు ఎందుకు వంకర్లు తిరుగుతాయో వివరిస్తూ తండ్రిగారు ఓ చిన్న వ్యాసం రాసిందీ ఆ ఏడే! ఆయన అంతటితో ఆగారు. కొడుకు జీవితమంతా ఏటితోనే గడిపారు.

ఏరు ఎంత ఇసుక, ఎంత గులకరాయి మోసుకుపోతుందన్నది ఆయన పట్టుకున్న సమస్య. ఫలానా రాయి ఎప్పుడు కదిలి ఎక్కడ ఆగుతుందో ఖచ్చితంగా చెప్పలేం గనక, దాన్ని సంభావ్యత లెక్కగా మార్చి డాక్టరేటు పొందారు. 1938లో అమెరికా వెళ్ళి, 1947 నుంచి బర్క్‌లీలో పాఠాలు చెప్పారు.

నాకు బాగా నచ్చింది 1968లో ఆయన ప్రచురించిన ఓ ప్రయోగం. సాల్మన్ చేపలు, మన గోదావరి పులసలాగే, సముద్రంనుంచి ఏటికి ఎదురీది వస్తాయి. గులకరాళ్ళలో గుంట చేసి, గుడ్లు పెట్టి కప్పెడతాయి. రాళ్ళ సందుల్లోంచి నీరు పారుతుంటేనే గుడ్డుకి ప్రాణవాయువు. సన్నమట్టి ఆ సందుల్ని పూడ్చేసిందా, పిల్ల లోపలే ఊపిరాడక చస్తుంది. ఆయన ప్రయోగశాలలో కాలవలాంటి తొట్టెలో గులకరాళ్ళు పరిచి, మెత్తని పొడి కలిపిన నీళ్ళు పారించారు. పొడి పైన పేరుకోలేదు. సందుల్లోంచి అడుక్కి జారి, కిందనుంచి పైకి పూడ్చుకుంటూ వచ్చింది. ఒకసారి దిగిందంటే, రాళ్ళు కదలనంతవరకు మళ్ళీ లేవదు. అంటే పైపైన నీళ్ళు పారితే చాలదు, రాళ్ళనే దొర్లించే వరద కావాలి.

ఆనకట్టలు అడ్డుకునేది సరిగ్గా ఆ వరదనే. కాలిఫోర్నియాలో ట్రినిటీ నది మీద 1960ల మొదట్లో డ్యాము కట్టి, తొలి పదేళ్ళలో సుమారు 90 శాతం నీటిని వేరే లోయకి మళ్ళించారు. ఉపనది తెచ్చిపోసే ఇసుకని కడిగే వరద లేక, గుడ్లు పెట్టే చోట్లు పూడిపోయాయి, చేపలు తగ్గిపోయాయి. ఆ ఏటి వర్షాన్ని బట్టి వసంతంలో డ్యామునుంచి పెద్ద ప్రవాహం వదలాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించేసరికి 2000 డిసెంబరు వచ్చింది. హాన్స్ ఆల్బర్ట్ అప్పటికి లేరు. 1971లో రిటైరై, 1973 జూలై 26న మసాచుసెట్స్‌లో కన్నుమూశారు.